ఆరో నంబరు తాపీ

సింహాచలం మేస్త్రి ఇరవై రెండేళ్ళలో నలభై ఒక్క ఇళ్ళు కట్టాడు. నలభై ఒక్క గృహప్రవేశాలు చూశాడు. చూశాడనడం కన్నా, ప్రతి గృహప్రవేశానికీ ముందు మూటాముల్లె సర్దుకుని వీధిలోకి నడిచాడనడం న్యాయం. ఇల్లు లేస్తున్నంతకాలం సిమెంటు బస్తాల గదిలో అతని కాపురం. లోపల పాలు పొంగే రోజున గేటు బయట అతని సామాను. భార్య పోలమ్మ తన మూడు పొయ్యిరాళ్ళనూ బిడ్డల్లా సాకింది. ఏ ఇంటికి వెళ్ళినా అవే రాళ్ళు, ఏ ఇంటి నుంచి వచ్చినా అవే రాళ్ళు.

నలభై రెండో ఇల్లు మాత్రం అతనిదే. నిర్మాణ కార్మికుల కాలనీలో రెండు సెంట్ల స్థలం, రెండు గదులు, ఒక వంటిల్లు. గోడలు లేచాయి, శ్లాబు పడింది, లోపలి పనులు మిగిలాయి. మార్చి ముప్ఫై ఒకటిలోగా ఇల్లు పూర్తయినట్టు ధ్రువపత్రం పుచ్చుకోకపోతే స్థలమూ, దాని మీది కట్టడమూ ఇచ్చినవారికే తిరిగి పోతాయని పట్టా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదవడం సింహాచలానికి రాదు. వాటికి భయపడడం వచ్చు.

ఆ పట్టణంలో అలాంటి ధ్రువపత్రాలిచ్చే గృహాంతర తుదిపనుల క్రమ పరిరక్షణ మండలి అనే సంస్థ ఒకటి ఉందని అంతవరకూ కాలనీలో ఎవరికీ తెలియదు. ఉన్నట్టు మండలికే అప్పుడప్పుడు గుర్తొస్తుంది. గుర్తొచ్చినప్పుడల్లా ఒక ఉత్తర్వు వెలువడుతుంది. జనవరి రెండో వారంలో అలా గుర్తొచ్చింది. మండలి సూపరింటెండెంటు కామేశం గారు జీపు దిగి, చెప్పుల్లో ఇసుక పడకుండా కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ వచ్చి, ఇసుక గుట్ట మీదే నిలబడి చదివారు.

"ఇందుమూలముగా యావన్మంది గృహనిర్మాతలకు తెలియజేయునది ఏమనగా, తుదిపనుల యందు ఏది ముందు, ఏది వెనుక అను విషయమున ఇంతవరకు మేస్త్రీల ఇష్టారాజ్యము నడచినది. ఇకమీదట సదరు పనులు ఆయా వృత్తి సంఘముల సీనియారిటీ ననుసరించి మాత్రమే జరుగవలెను. సీనియరు వృత్తి తన పనిని సంపూర్ణముగా ముగించి నిష్క్రమించిన పిదపనే జూనియరు వృత్తి ప్రవేశింపవలెను. ఒకసారి నిష్క్రమించినవారు తిరిగి ప్రవేశింపరాదు."

తరువాత జాబితా చదివారు. కరెంటు పనివారు ఒకటి, రంగులవారు రెండు, వడ్రంగులు మూడు, నేల బండలవారు నాలుగు, కుళాయిలవారు అయిదు, తాపీ పనివారు ఆరు.

సింహాచలం తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ప్లాస్టింగు ఆఖర్నా బాబూ?"

"ఆఖరున కాదు," అన్నారు కామేశం గారు. "క్రమసంఖ్య ఆరున."

"గోడకి పూత ఎయ్యకుండా రంగెలాగేస్తారు బాబూ?"

"అది రంగులవారి అంతర్గత విషయము."

మర్నాడే సింహాచలం మండలి కార్యాలయానికి వెళ్ళాడు. ఎవరిని ఎవరి ముందు పెట్టాలో ఎలా తేల్చారని అడిగాడు. కామేశం గారు పాత రిజిస్టరు తెరిచి, దుమ్ము దులిపి, వేలు పెట్టి చూపించారు. అరవై నాలుగేళ్ళ కిందట మండలి తలుపులు తెరిచిన రోజున పంకా తిరగలేదట. బాగుచేయడానికి కరెంటు పనివారు వచ్చారు. గాలి తగిలిన సంతోషంలో అప్పటి అధికారి వారి సంఘాన్ని ఒకటో నంబరుగా నమోదు చేసుకున్నాడు. బీరువాకు రంగు వేయడానికి వచ్చినవారు రెండయ్యారు. బల్ల కాలు బిగించినవారు మూడయ్యారు. నేల బండలు మార్చినవారు నాలుగు. ఏడాది తిరిగేసరికి కుళాయి కారి, దాన్ని ఆపినవారు అయిదు.

"మరి మావోళ్ళు బాబూ?"

"మీవారు నిరుడే నమోదైనారు."

"ఈ ఆఫీసు కట్టినోళ్ళే మావోళ్ళు కదా!"

"కట్టినారు. కానీ కార్యాలయము తెరువక మునుపే వెళ్ళిపోయినారు. నమోదు సోమవారము పగటిపూట మాత్రమే. మీవారు ఏ సోమవారము ఖాళీగా ఉన్నారో చెప్పు?"

సింహాచలం ఆలోచించాడు. అరవై మూడేళ్ళ సోమవారాల్లో తాపీవాడు ఖాళీగా ఉన్న సోమవారం ఒక్కటీ అతనికి తట్టలేదు. పని మానకుండా చేసినందుకు పనిలో వెనకబడ్డామని మొట్టమొదటిసారి అర్థమైంది.

అధ్యక్షులు పరాంకుశం గారి దర్శనం మూడో రోజున దొరికింది. ఆయన ఎదుట గోడ మీద కొత్త కార్యాలయ భవనం బొమ్మ వేలాడుతోంది. అది కూడా ఈ ఉత్తర్వు ప్రకారమే, ఆదర్శంగా, అక్షరం తప్పకుండా సిద్ధమవుతోందని ఆయన ముందుగానే సెలవిచ్చారు.

"మేస్త్రీ, నువ్వు ఇటుకలు పేర్చేవాడివి. మేము వ్యవస్థను పేర్చేవాళ్ళం. చెప్పు, ఏమిటి నీ విన్నపము?"

సింహాచలం జీవితంలో అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడాడు.

"ఇంట్లో ఏ పనీ ఒక్కపాలి వొచ్చి ఎల్లిపోదు బాబూ. కరెంటోడు ముందొచ్చి గోడకి గాడి కొట్టి, పైపులు పెట్టి, తప్పుకుంటాడు. కుళాయిలోడూ అంతే. వడ్రంగి గుమ్మాలు నిలబెట్టి తప్పుకుంటాడు. అప్పుడు నాను పూత పూసి, తడిపి, తప్పుకుంటాను. కింద బండలు పడతాయి. కరెంటోడు మళ్ళీ వొచ్చి తీగలు లాగుతాడు, వడ్రంగి మళ్ళీ వొచ్చి తలుపులు తగిలిస్తాడు, రంగులోడు ఒక పూత ఏసి ఎల్లి, అందరూ అయినాక మళ్ళీ వొస్తాడు. ఒకలు తప్పుకుంటేనే ఒకలికి దారి. ఇల్లంటే అదే బాబూ."

పరాంకుశం గారు కళ్ళజోడు తీశారు. "అనగా, సీనియరు జూనియరుకు దారి ఇవ్వవలెనని నీ అభిప్రాయము."

"అవును బాబూ."

గుమాస్తాలు కలాలు ఆపారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో పరాంకుశం గారు అంతటి బూతుమాట వినలేదు.

ఉత్తర్వు అమలులోకి వచ్చింది. ఒకటో నంబరు వృత్తికి చెందిన డేవిడ్ సింహాచలం ఇంటికి వచ్చాడు. పదేళ్ళుగా కలిసి పనిచేసిన మనిషి. బోసి ఇటుక గోడ వంక చూశాడు, చేతిలోని స్విచ్చుబోర్డు వంక చూశాడు.

"మావా, దీన్ని ఏ లోతులో పెట్టమంటావు? నీ పూత ఎంత మందం వొస్తాదో తెలీదు కదా."

"తోచినట్టు పెట్టు. సీనియరువి."

"సీనియరునంటే సిగ్గుగా ఉంది మావా," అంటూ డేవిడ్ తీగలన్నీ ఇటుకల మీదుగా లాగి, బోర్డులు మేకులకు తగిలించి, పైన పంకా బిగించి, సంపూర్ణముగా ముగించినట్టు కాగితం మీద సంతకం పెట్టి నిష్క్రమించాడు. ఏమీ లేని ఇంట్లో పంకా హాయిగా తిరిగింది.

ఈ క్రమం చివరికి ఎక్కడికి తేలుతుందో చూడాలంటే ఎక్కువ దూరం వెళ్ళనవసరం లేదు. పక్కింటి తవిటయ్య తొందరపాటు మనిషి. నెల తిరక్కుండానే ఆరు నంబర్లూ పూర్తి చేయించాడు. అతని ఇంటికి లేత గులాబీ రంగు వేశారు. ఇటుక రంగును మంచినీళ్ళలా తాగింది. నాలుగు డబ్బాలు తాగాక గులాబీ అయింది. వడ్రంగులు తలుపులు బిగించారు. ఆ తరువాత వచ్చిన నేల బండలవారు తలుపుల కిందికంటా బండలు పరిచారు. తలుపులు తెరుచుకోవడం మానేశాయి. తరువాత వచ్చిన కుళాయిలవారు ఆ బండలు పగలగొట్టి పైపులు దించారు. చిట్టచివర తాపీవాళ్ళు, తలలు దించుకుని, గులాబీ గోడల మీద సిమెంటు పూశారు. స్విచ్చుబోర్డులు లోపల మునిగిపోయాయి. ఆ సమయానికి పంకా తిరుగుతోంది. ఇక దాన్ని ఆపే దారి లేదు.

తవిటయ్య కిటికీలోంచి ఇంట్లోకి దూకి వెళ్ళి, దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు.

"ఎలాగున్నాది బావా ఇల్లు?" అని సింహాచలం కిటికీలోంచి అడిగాడు.

"గాలికి లోటు లేదు," అన్నాడు తవిటయ్య పళ్ళు టకటకలాడిస్తూ.

తనిఖీకి వచ్చిన కామేశం గారు కూడా కిటికీలోంచే ప్రవేశించారు. పంకాను చూసి "నిరంతర సేవ" అని రాసుకున్నారు. ఆపైన నియమం ప్రకారం గోడ దృఢత్వ పరీక్ష చేశారు. అంటే చేతికర్రతో మూడుసార్లు కొట్టారు. రంగు మీద పూత నిలుస్తుందా? మొదటి దెబ్బకు పగిలింది, రెండో దెబ్బకు ఉబ్బింది, మూడో దెబ్బకు గోడంత పెచ్చు ఒక్కటిగా ఊడి కామేశం గారి పాదాల మీద పడింది. ఆయన కుంటుకుంటూనే తీర్పు చెప్పారు: "తాపీ పనివారి నిర్లక్ష్యము. ధ్రువపత్రము నిరాకరించడమైనది. పనులన్నియు ఒకటో నంబరు నుంచి మరల ప్రారంభింపవలెను."

ఆ సాయంత్రం సింహాచలం తన బోసి గోడల మధ్య కూర్చున్నాడు. ఉత్తర్వు పాటిస్తే పెచ్చు ఊడుతుంది, ధ్రువపత్రం రాదు. పాటించకపోతే ధ్రువపత్రం మాటే లేదు. ఎటు తిరిగినా ఏప్రిల్ ఒకటిన పోలమ్మ పొయ్యిరాళ్ళు మళ్ళీ వీధిలోనే.

"సిమెంటు గదైనా దొరుకుతాదా?" అంది పోలమ్మ.

"దొరుకుతాది. నలభై మూడో ఇల్లు ఎవులో ఒకలు మొదలెడతారు కదా."

ఆమె రాళ్ళ మీది మసి గీకుతూ కూర్చుంది.

రెండో నంబరు ఖాదర్ వంతు వచ్చింది. రంగుల ఖాదర్ నెమ్మదస్తుడు, కాని మందబుద్ధి కాదు. "చూడు భాయ్, ఉత్తర్వులో మొదలుపెట్టమని ఉంది, ముగించమని ఉంది. మధ్యలో ఎంతసేపు తీసుకోవాలో లేదు," అన్నాడు. ఆ రోజున వంటింటి గోడ మీద ఒక్క ఇటుకకు గులాబీ రంగు వేశాడు. అంచులు దిద్దాడు. వెనక్కి జరిగి, తల పక్కకు వాల్చి, కన్ను సగం మూసి చూశాడు. బీడీ కాల్చుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఇంకొకటి. రోజుకొక ఇటుక. మండలి జీపు వచ్చినప్పుడల్లా పని జరుగుతూనే ఉంది. రాజప్రాసాదానికి కూడా అంత శ్రద్ధగా ఎవరూ రంగు వేయలేదని కామేశం గారు మెచ్చుకున్నారు కూడా. ఇల్లు పాడు కాలేదు. కాని రోజులు అయిపోతున్నాయి. ఫిబ్రవరి ఆఖరి తేదీకి వంటింటి గోడలో ఇరవై ఒక్క ఇటుకలు గులాబీవి.

ఆ రోజున సింహాచలం ఆఖరి విన్నపం పట్టుకుని, పోలమ్మను వెంటబెట్టుకుని మండలికి వెళ్ళాడు. విన్నపాలు పుచ్చుకునేవారు లేరు. అందరూ పెద్ద గదిలో ఉన్నారు. అటెండరు దాలయ్య పదవీ విరమణ సభ. దాలయ్య మెడలో బంతిపూల దండ, భుజాల మీద శాలువా, ఒడిలో రంగు కాగితం చుట్టిన గోడ గడియారం. మండలిలో అందరికన్నా సీనియరు దాలయ్యేనని పరాంకుశం గారు ఉపన్యసించారు. అందరూ చప్పట్లు కొట్టారు. బూందీ పొట్లాలు పంచుతూ పంచుతూ కామేశం గారు గుమ్మం దాకా వచ్చి, పొరపాటున పోలమ్మకు కూడా ఒకటి ఇచ్చారు.

పోలమ్మ పొట్లం విప్పకుండానే అడిగింది. "ఈ బాబు ఎక్కడికెల్లిపోతన్నాడు?"

"ఇంటికి. పదవీ విరమణ."

"అందరికన్నా సీనియరన్నారు కదా?"

"సీనియరు కనుకనే వెళ్ళవలె. అరవై రెండేళ్ళు నిండినవి."

"నిండితే ఎవులైనా ఎల్లాల్సిందేనా?"

"ఎవరైనా సరే," అన్నారు కామేశం గారు గర్వంగా. "రేపు నేనైనా, అధ్యక్షులవారైనా సరే. అరవై రెండు నిండిన తరువాత ఒక్క దినము కొనసాగించుట మహాపరాధము. ఆడిటువారు బతకనివ్వరు."

పోలమ్మ, సింహాచలం చెప్పిన రిజిస్టరు సంగతి తలుచుకుని, వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "అయితే మరి కరెంటోళ్ళ సంఘానికి అరవై నాలుగు నిండేయి కదా బాబూ. ఆళ్ళకి గోడ గడియారం ఎప్పుడిస్తారు?"

కామేశం గారి చేతిలోని బూందీ నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

సభలో గుసగుస పాకింది. ఎవరో పరుగున వెళ్ళి రిజిస్టరు తెచ్చారు. పరాంకుశం గారు దండల బల్ల మీదే దాన్ని పరిచి తేదీలు చూశారు. ఒకటి, అరవై నాలుగు. రెండు, అరవై నాలుగు. మూడు, నాలుగు, అవే. అయిదుకు అరవై మూడు. వయసు మీరిన అయిదు వృత్తులను మండలి ఏళ్ళ తరబడి సర్వీసులో కొనసాగించింది. పైగా సీనియారిటీ అని నెత్తిన పెట్టుకుంది. ఆడిటువారి ముఖాలు ఒక్కొక్కటే ఆయన కళ్ళముందు కదిలాయి.

"కామేశం," అన్నారు నీరసంగా. "ఇంకా అయిదు గడియారాలు తెప్పించు."

అప్పటికప్పుడే ఉత్తర్వు టైపయింది. కరెంటు, రంగు, వడ్రంగము, నేలబండ, కుళాయి అను వృత్తులు సగౌరవముగా పదవీ విరమణ చేసినవి. సర్వీసులో మిగిలిన ఏకైక వృత్తి తాపీ. కాబట్టి సీనియారిటీలో క్రమసంఖ్య ఒకటి తాపీ.

"మరి బాబూ," అన్నాడు సింహాచలం, నమ్మీ నమ్మనట్టు, "ఆళ్ళందరూ ఎల్లిపోతే పైపులు ఎవులు పెడతారు? తలుపులు ఎవులు తగిలిస్తారు?"

పరాంకుశం గారి ముఖంలో మొదటిసారిగా వెలుగు కనబడింది. వచ్చే ఏడాది తమ విరమణ తరువాత తాము కూర్చోబోయే కుర్చీ కోసం ఆయన కొన్ని నిబంధనలు ముందుగానే, ఎంతో ప్రేమతో, సొంత దస్తూరీతో రాసి పెట్టుకున్నారు. తమ గది సొరుగులోంచి తెప్పించి చదివారు.

"విరమణ చేసినవారిని విశ్రాంత సలహాదారులుగా నియమింపవచ్చును. సలహాదారులు ఎప్పుడైనను రావచ్చును, ఎప్పుడైనను పోవచ్చును, ఎన్నిసార్లయినను తిరిగి రావచ్చును. ఎందుకు వచ్చితిరి, ఎందుకు పోతిరి అని వారిని ఎవ్వరును అడుగరాదు."

సింహాచలం ఆ నిబంధనలను ఇంకోసారి చదవమన్నాడు. తాను జీవితమంతా ఇళ్ళు కట్టిన పద్ధతిని ఎవరో కాగితం మీద పెట్టినట్టుంది.

మార్చి నెల మొదలైంది. సలహాదారు డేవిడ్ వచ్చి తీగలన్నీ పీకి, గోడకు గాడులు కొట్టి, పైపులు పెట్టి, పోయాడు. వడ్రంగం సలహాదారు వీరభద్రాచారి గుమ్మాలు నిలబెట్టి పోయాడు. కుళాయిల సలహాదారు గొట్టాలు దించి పోయాడు. సింహాచలం పరంజా కట్టాడు, గులాబీ ఇటుకలు చెక్కాడు, తూకపు గుండు వేశాడు, తాపీ చేతబట్టాడు. పూశాడు, బద్దతో లాగాడు, పోలమ్మ తడిపింది. పొద్దున తడిపింది, మాపున తడిపింది, గోడ చల్లబడే దాకా తడిపింది. బండలు పడ్డాయి. డేవిడ్ మళ్ళీ వచ్చాడు, ఆచారి మళ్ళీ వచ్చాడు, ఖాదర్ వచ్చి, పోయి, మళ్ళీ వచ్చి, ఈసారి ఇటుకకొక రోజు కాక గదికొక రోజు తీసుకున్నాడు. ఎవరూ ఎవరికీ అడ్డం రాలేదు. ఎందుకు వచ్చావని ఎవరూ ఎవరినీ అడగలేదు.

మార్చి ముప్ఫయ్యో తేదీన కామేశం గారు వచ్చారు. తలుపు తెరుచుకోవడం చూసి ఒక్క క్షణం కంగుతిన్నారు. కర్రతో మూడుసార్లు కొట్టారు. గోడ పలికింది, రాలలేదు. నాలుగోసారి నియమంలో లేకపోయినా కొట్టారు, కర్ర విరిగింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"అంతయు బాగున్నది. అదే ఇబ్బంది. పాత ఉత్తర్వును ఇంకను రద్దు చేయలేదు. అప్పట్లో దానిని పాటించినట్లు ఆధారము కావలె."

సింహాచలం ఆయనను వంటింట్లోకి తీసుకెళ్ళాడు. పొయ్యి గట్టు పక్కన, తెల్లటి గోడలో, జానెడు మేర పూత లేదు. అందులోంచి ఒక్క గులాబీ ఇటుక, అంచులు దిద్దినది, నవ్వుతున్నట్టు చూస్తోంది. నలభై ఒక్క ఇళ్ళ తనిఖీలు చూసిన మేస్త్రికి అధికారికి ఏం చూపించాలో తెలియదా?

"రంగుల పని సీనియారిటీ ననుసరించి ప్రారంభమైనట్లు ఆధారము కలదు," అని రాసుకుని కామేశం గారు ముద్ర వేశారు.

మర్నాడు ఉదయం పోలమ్మ మూడు రాళ్ళనూ కడిగి, పసుపు రాసి, లోపలికి తెచ్చింది. గట్టు మీద పేర్చి, పాలగిన్నె పెట్టింది. పాలు పొంగాయి. రాళ్ళ మీదుగా పొంగాయి, గట్టు మీదుగా పారాయి, కొత్త బండల మీదికి కారాయి.

"ఒసే, దించవేటి! పాలన్నీ పోతన్నాయి!"

"ఎంతసేపు పొంగాల?" అంది పోలమ్మ, కళ్ళు తిప్పకుండా. "నానెప్పుడు సూశాను?"

సింహాచలానికీ తెలియదు. ఇద్దరూ గిన్నె ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడ్డారు.

పదిహేను రోజుల తరువాత మండలి జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి హారను కూడా మర్యాదగా మోగింది. మండలివారు ఆదర్శంగా, అక్షరం తప్పకుండా ముగించుకున్న కొత్త భవనంలో ప్రవేశించి వారం కాలేదు. పెచ్చులు ఫైళ్ళ మీద పడుతున్నాయి. స్విచ్చులు గోడల్లో మునిగాయి. పంకాలు కొన్ని ఆగవు, కొన్ని తిరగవు. మరమ్మతుకు సీనియరు మేస్త్రి సింహాచలం గారు దయచేయాలి.

సింహాచలం తాపీ సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. కిటికీలోంచి తొంగి చూశాడు. పరాంకుశం గారు గొడుగు వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. చుట్టూ సిబ్బంది.

"రావయ్యా మేస్త్రీ. ఏ పని ముందు చెయ్యమంటావో నువ్వే చెప్పు. అక్షరాలా పాటిస్తాము."

సింహాచలం పైకప్పు చూశాడు, గోడలు చూశాడు, చేత్తో తట్టి చూశాడు.

"ముందు తమరంతా బయటికి రావాల బాబూ. ఇక్కడ మొదటి పని అదే."

కామేశం గారు శ్రద్ధగా రాసుకున్నారు. రాసుకుని, కలం ఎత్తి, అడిగారు. "ఏ క్రమమున?"

అధ్యక్షులు ముందు రావడమే న్యాయమని అందరూ అన్నారు. పరాంకుశం గారు గొడుగు మడిచి సగం లేచారు. అంతలో ఆయనకు తమ ఉత్తర్వే గుర్తొచ్చింది: ఒకసారి నిష్క్రమించినవారు తిరిగి ప్రవేశింపరాదు. విరమణకు ఇంకా ఏడాది ఉంది. మళ్ళీ కూర్చున్నారు. పోనీ జూనియర్లు ముందు వెళ్ళాలన్నారు. సీనియర్లు ఉండగా తాము ముందు అడుగు ఎలా వేస్తామని జూనియర్లు చేతులు కట్టుకున్నారు. ఒక ఉపసంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు ఎవరన్న చర్చ మొదలైంది. మధ్యలో ఒక పెచ్చు ఊడి బల్ల మీద పడింది. దాన్ని పక్కకు జరిపి చర్చ కొనసాగించారు.

సింహాచలం నీడ పట్టున కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. తరువాత లేచి, దులుపుకుని, నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. నిన్ననే కట్టిన వీధి మెట్టుకు పోలమ్మ నీళ్ళు చల్లుతోంది.

"ఏటి, పని మొదలెట్టేవా?"

"ఇంకా లేదు. ఎవులు ముందు బయటికి రావాలో తేల్చుకుంటన్నారు."

"తేలీసరికి?"

సింహాచలం ఆమె చేతిలోంచి చెంబు అందుకున్నాడు.

"తేలీసరికి అందరికీ గోడ గడియారాలు వొచ్చెస్తాయి," అన్నాడు మెట్టు తడుపుతూ. "తగిలించుకుందికి గోడే ఉండదు."